బడిలో మొదటి ఏడు

(గోల్నాకలో జరిగిన మన సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన ఇళ్లలో బిడ్డకు నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులు నిండితే బిస్మిల్లా చేస్తాం. కొత్త బట్టలు తొడుగుతాం, మిఠాయి పంచుతాం. ఆనాడు బిడ్డకు పరీక్ష ఎవ్వరూ పెట్టరు. పెద్దలు చెప్పిన మాట బిడ్డ తిరిగి చెబుతాడు, అందరూ సంతోషిస్తారు. చదువుకు అదే సరైన ఆరంభం. ముందు వినడం, తర్వాత పలకడం. బడిలో చేరాక మాత్రం మనకు తొందర మొదలవుతుంది. నెల తిరక్కముందే "మాస్టర్ సాబ్, మా వాడు ఇంకా పేరు రాయడం లేదేమండీ?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకే ఈరోజు జవాబు చెప్పదలచుకున్నాం.

మొదట చెయ్యి సంగతి. అయిదారేళ్ల బిడ్డకు మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా గట్టిపడవు. వేళ్లకు పట్టు రాకముందే పేజీలు నింపమంటే చెయ్యి నొప్పి, చదువంటే భయం మిగులుతాయి. చిక్కుడుకాయలు ఒలవనివ్వండి. చొక్కా గుండీలు తానే పెట్టుకోనివ్వండి. రొట్టెల పిండితో ఆడుకోనివ్వండి. రాతకు కావలసిన బలం అక్కడే వస్తుంది.

తర్వాత అక్షరం. ఉర్దూలో బే, పే, తే మూడింటికీ పడవలాంటి ఆకారం ఒక్కటే. చుక్కలు ఎన్ని, పైనా కిందా అన్నదే తేడా. మాట మొదట్లో ఒక రూపు, మధ్యలో ఒకటి, చివర ఇంకొకటి. ఉర్దూ కుడి నుంచి ఎడమకు పోతే, తెలుగు, ఇంగ్లీషు ఎడమ నుంచి కుడికి పోతాయి. 2018 చట్టంతో తెలంగాణ బళ్లలో తెలుగు తప్పనిసరి అయింది. మంచిదే, పక్కింటివారి భాష రావాలి. సాయంత్రం ఖాయిదా కూడా ఉండనే ఉంది. ఇన్నిటి మధ్య బిడ్డ ఒక అక్షరం తిప్పి రాస్తే మొద్దు అనకండి. ఆ వయసులో అది మామూలే.

అసలు విషయం నోటిది. ఇంట్లో మనం 'హౌ' అంటాం, 'కైకు' అంటాం. పుస్తకంలో 'హాఁ', 'క్యోఁ' అని ఉంటుంది. బిడ్డ నోట 'కైకు' రాగానే పక్కున నవ్వితే, తప్పని గద్దిస్తే, మరునాడు ఆ బిడ్డ అడగడు. 'కైకు' అంటే ఎందుకు అని గదా! ఎందుకు అని అడగడం మానేసిన బిడ్డకు ఇంకేం నేర్పుతాం? ఈ నగరాన్ని కట్టిన మహమ్మద్ కులీ కుతుబ్ షా కవిత్వం చెప్పింది ఆ దక్కనీలోనే. ఇంటి మాటను ఒప్పుకొని, దాని పక్కన పుస్తకం మాటను పెడితే బిడ్డ రెండూ నేర్చుకుంటాడు.

మనకు దగ్గర్లోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉంది. 1917 నాటి ఫర్మానాతో ఏర్పడిన ఆ సంస్థలో ఒకనాడు వైద్యం, ఇంజనీరింగ్ కూడా ఉర్దూలోనే చెప్పారు. ఇరవై ఏళ్ల యువకుడికే తెలిసిన భాష ఆసరా కావలసి వస్తే, అయిదేళ్ల పసివాడికి అక్కర్లేదా?

తొందర అక్కర్లేదని ప్రభుత్వమూ అంటున్నది. 2020 జాతీయ విద్యావిధానం మూడు నుంచి ఎనిమిదేళ్ల వయసును ఒకే పునాది దశగా లెక్కించింది. 2021లో వచ్చిన నిపుణ్ భారత్, అర్థం చేసుకుంటూ చదవడానికి మూడో తరగతి చివరి దాకా గడువు పెట్టింది. మనం మాత్రం మొదటి నెలలోనే అడుగుతున్నాం!

మొదటి ఏడు నోరు మూసుకున్న బిడ్డ మూడో తరగతికి వెనక బెంచీ చేరడం, ఆ తర్వాత బడి వదిలి మెకానిక్ షెడ్డులో చేరడం మేము చూస్తూనే ఉన్నాం. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాం.

అమ్మలారా, నాన్నలారా, ట్యూషన్ పెట్టనక్కర్లేదు. దస్తర్‌ఖాన్ పరిచేటప్పుడు మనిషికొక పళ్లెం చొప్పున పెట్టమనండి, లెక్క వస్తుంది. రాత్రి నానీ, దాదీ చేత ఒక కథ చెప్పించండి, భాష వస్తుంది. రోజూ బడికి పంపండి. పిలిస్తే పలకకపోతే, బోర్డు కనబడటం లేదంటే చెవులు, కళ్లు డాక్టరుకు చూపించండి. ఇంటికి రాగానే "ఏం రాశావ్?" అని కాకుండా "ఏం అడిగావ్?" అనండి.

సంఘం పెద్దలకు ఒక మనవి. జూన్‌లో బళ్లు తెరిచేటప్పుడు నోటుపుస్తకాలతోపాటు చిన్నపిల్లలకు బొమ్మల కథల పుస్తకాలు కూడా పంచండి. ఆదివారం ఒక గంట ఈ హాలు వాళ్లకు వదలండి. కాస్త గోల చేస్తారు, చేయనివ్వండి.

అల్లాహ్ మన పిల్లలకు ఇల్మ్ ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.