ముందు కూల్చారు, తర్వాత కట్టారు: 1949 అమెరికా ఇళ్ళ చట్టం కథ

ఈ రోజు ఒక చట్టం గురించి మాట్లాడుకుందాం. చట్టం అనగానే స్క్రోల్ చేసేయకండి, ప్లీజ్. ఈ కథ నేను రోజూ నడిచిన నేల కింద ఉంది. రెండేళ్ళ దాకా ఆ సంగతి నాకే తెలీదు.

నేను ఎంఎస్ కోసం అమెరికాలో సెయింట్ లూయిస్ వచ్చాను. మిజోరీ రాష్ట్రంలో, మిసిసిపి నది ఒడ్డున ఉన్న పాత ఊరు. మన తెలుగు స్టూడెంట్స్ ఇక్కడ చాలామందే ఉన్నారు. ఒకసారి ఫ్రెండ్స్‌తో కలిసి ఇక్కడి కొత్త ఫుట్‌బాల్ స్టేడియానికి వెళ్ళా. బయట పెద్ద పెద్ద రాతి స్తంభాలు, ఇసుక గడియారాల్లా ఉన్నాయి. సెల్ఫీ తీసుకుందామని దగ్గరికెళ్ళి, అక్కడ రాసింది చదివా. ఇంక సెల్ఫీ తీసుకోవాలనిపించలేదు.

ఆ చోట ఒకప్పుడు మిల్ క్రీక్ వ్యాలీ అనే పేట ఉండేది. సుమారు 20,000 మంది జనం, దాదాపు అందరూ నల్లజాతివాళ్ళు. ఇళ్ళు, షాపులు, చర్చిలు, హోటళ్ళు. 1959లో కూల్చడం మొదలుపెట్టి 454 ఎకరాలు చదును చేసేశారు. మా క్యాంపస్‌లో కొంత భాగం కూడా ఆ నేల మీదే ఉందని తర్వాత తెలిసింది. అంటే నేను అసైన్‌మెంట్లు రాసుకుంటూ కూర్చున్న చోట ఒకప్పుడు ఎవరిదో వంటిల్లు ఉండి ఉండొచ్చు.

ఇదంతా ఎవరో గూండాలు చేసిన పని కాదు. పేదవాళ్ళకి మంచి ఇల్లు ఇస్తామన్న చట్టం కిందే జరిగింది. అదెలా? అదే ఇవాళ్టి ప్రశ్న.

వెనక్కి వెళ్దాం. 1949 జులై 15. ప్రెసిడెంట్ హ్యారీ ట్రూమన్ హౌసింగ్ యాక్ట్ మీద సంతకం పెట్టారు. రెండో ప్రపంచయుద్ధం అయిపోయింది. సైనికులు ఇంటికొచ్చారు, కానీ ఉండడానికి ఇళ్ళు లేవు. అంతకుముందు ఆర్థికమాంద్యం, ఆ వెంటనే యుద్ధం. ఏళ్ళ తరబడి కొత్త ఇళ్ళు సరిగ్గా కట్టలేదు. ప్రతి అమెరికన్ కుటుంబానికీ మంచి ఇల్లు, మంచి పరిసరాలు ఉండాలి, అది దేశం లక్ష్యం అని ఆ చట్టం మొదట్లోనే రాసుకున్నారు. వినడానికి ఎంత బాగుందో చూడండి.

ఈ చట్టంలో చాలా భాగాలున్నాయి. మనకి కావాల్సింది రెండు.

ఒకటి, కూల్చే భాగం. సిటీ మురికివాడని కొని, ఇళ్ళు పడగొట్టి, ఆ స్థలం బిల్డర్‌కి తక్కువ ధరకి అమ్మొచ్చు. నష్టంలో మూడింట రెండొంతులు కేంద్రం భరిస్తుంది. ఉదాహరణకి సిటీ పది రూపాయలు పెట్టి కొని నాలుక్కి అమ్మిందనుకోండి. నష్టం ఆరు. అందులో నాలుగు కేంద్రం ఇస్తుంది, సిటీకి పడేది రెండే. ఏ మేయర్ కాదంటాడు చెప్పండి?

రెండు, కట్టే భాగం. ఆరేళ్ళలో 8,10,000 ప్రభుత్వ ఇళ్ళు కట్టాలి. దీన్ని రియల్ ఎస్టేట్ వాళ్ళు గట్టిగా వ్యతిరేకించారు, ఇది సోషలిజం అన్నారు. 1950లో కొరియా యుద్ధం మొదలైంది. కాంగ్రెస్ ఏటేటా ఈ ఇళ్ళ సంఖ్యకి కోత పెట్టింది. ఆరేళ్ళన్న లెక్క పూర్తవడానికి సుమారు ఇరవై ఏళ్ళు పట్టింది.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. కూల్చడానికి డబ్బుంది, లాభపడే బిల్డర్లున్నారు. కట్టడానికి ప్రతి ఏడూ కొట్లాట. రెండు కాళ్ళతో నడవాల్సిన చట్టం ఒంటి కాలితో పరుగెత్తింది.

ఇళ్ళు పోయినవాళ్ళకి వేరే మంచి ఇల్లు దొరికేలా చూడాలని చట్టంలో రాశారు. రాశారు, అంతే. పట్టించుకున్నది తక్కువ. 1956 దాకా సామాను మోసుకెళ్ళే ఖర్చుకి కూడా ఈ చట్టం కింద డబ్బు రాలేదు. అద్దెకున్నవాళ్ళైతే మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోవడమే. నల్లవాళ్ళకి చాలా పేటల్లో ఇల్లు అద్దెకి కూడా ఇచ్చేవాళ్ళు కాదు. మరి ఎక్కడికెళ్తారు? ఉన్న కొద్దిపాటి నల్లవాళ్ళ పేటల్లోనే ఇంకా ఇరుక్కున్నారు. రచయిత జేమ్స్ బాల్డ్విన్ 1963లో ఒక టీవీ ఇంటర్వ్యూలో, ఈ నగర పునరుద్ధరణ అంటే నల్లవాళ్ళని ఖాళీ చేయించడమేనని తేల్చి చెప్పారు.

చట్టం చర్చలో ఉన్నప్పుడే ఒక విచిత్రం జరిగింది. ఈ ప్రభుత్వ ఇళ్ళల్లో జాతి వివక్ష ఉండకూడదని సెనేట్‌లో ఒక సవరణ పెట్టారు. పెట్టింది ఎవరనుకుంటున్నారు? ప్రభుత్వ ఇళ్ళంటేనే గిట్టని బ్రికర్, కెయిన్ అనే ఇద్దరు సెనేటర్లు. సవరణ నెగ్గితే దక్షిణాది సెనేటర్లు అలిగి బిల్లు మొత్తాన్నే ఓడిస్తారని వాళ్ళ ఎత్తు. పౌరహక్కుల కోసం పోరాడే పాల్ డగ్లస్ లాంటివాళ్ళు, ముందు ఇళ్ళు రానివ్వండి అని ఆ సవరణకి వ్యతిరేకంగా ఓటేశారు. బిల్లు బతికింది. వివక్ష కూడా బతికింది. డగ్లస్ స్థానంలో నేనుంటే ఏం చేసేవాణ్ణి? నిజం చెప్పాలంటే నాకు ఇప్పటికీ జవాబు దొరకలేదు.

సరే, అన్ని అడ్డంకుల మధ్య కట్టిన ఇళ్ళైనా ఏమయ్యాయి? అది కూడా ఈ ఊళ్ళోనే చూడొచ్చు. ప్రూయిట్-ఐగో. ఒక్కోటి 11 అంతస్తుల చొప్పున 33 బిల్డింగులు, 2,870 ఇళ్ళు. డిజైన్ చేసింది మినోరు యమసాకి, తర్వాత న్యూయార్క్ వరల్డ్ ట్రేడ్ సెంటర్ టవర్లు డిజైన్ చేసింది కూడా ఆయనే. 1954 నుంచి జనం దిగడం మొదలైంది. సొంత బాత్రూమ్, పైపు తిప్పితే నీళ్ళు. మొదట్లో వచ్చినవాళ్ళు ఎంత సంతోషపడి ఉంటారో నేను ఊహించగలను.

కానీ ఖర్చు తగ్గించాలని లిఫ్ట్ ప్రతి అంతస్తులో ఆగకుండా కట్టారు. 1, 4, 7, 10 అంతస్తుల్లోనే ఆగుతుంది. మిగతావాళ్ళు మెట్లెక్కాలి, దిగాలి. దానికన్నా పెద్ద సమస్య ఇంకొకటి. కట్టడానికి డబ్బు కేంద్రం ఇస్తుంది, మెయింటెనెన్స్ మాత్రం అద్దెల్లోంచే నడవాలి. అదే సమయంలో ఊరు ఖాళీ అవుతోంది. 1950లో 8,56,000 ఉన్న జనాభా 2020కి సుమారు 3 లక్షలైంది. స్తోమత ఉన్నవాళ్ళు శివార్లకి పోయారు. ఇక్కడ ఫ్లాట్లు ఖాళీ, అద్దెలు రావు, లిఫ్ట్ బాగుచేయరు. అది చూసి ఇంకొంతమంది పోతారు. 1969లో మిగిలినవాళ్ళు అద్దె కట్టం అని సమ్మె చేశారు. 1972 మార్చిలో మొదటి బిల్డింగ్ పేల్చేశారు. 1976కల్లా మొత్తం నేలమట్టం.

అది చూపించి ‘పేదవాళ్ళకి ఇళ్ళిస్తే ఇంతే’ అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ మాటకి నాకు కోపం వస్తుంది. ఎందుకంటే నేను పెరిగింది ప్రభుత్వం ఇచ్చిన ఇంట్లోనే.

మాది ఇందిరమ్మ ఇల్లు. వానొస్తే మా అమ్మ గిన్నెలు పట్టుకుని గుడిసెంతా తిరిగేది. ఆ గుడిసె తీసేసి అదే జాగాలో ఇల్లు కట్టుకున్నాం. పునాదికి ఒక బిల్లు, గోడలకి ఒక బిల్లు, అలా దశలవారీగా డబ్బొచ్చింది. చాల్లేదు, నాన్న అప్పు కూడా చేశాడు. కానీ పక్కింటి అత్త పక్కింట్లోనే ఉంది. నాన్న పని మారలేదు, నా బడి మారలేదు. ఆ ఇంటి స్లాబు కింద చదువుకునే నేను ఇక్కడి దాకా వచ్చాను. మిల్ క్రీక్ వాళ్ళకి దక్కనిది అదే. చాలామంది ఇళ్ళల్లో లోపల బాత్రూమ్ లేదు, నిజమే. వాళ్ళకి బాత్రూమ్ కావాలి. పేట మొత్తం పోవాలని కాదు.

అమెరికా కూడా నేర్చుకుంది, ఆలస్యంగా. 1969లో సెనేటర్ ఎడ్వర్డ్ బ్రూక్ తెచ్చిన సవరణతో ప్రభుత్వ ఇంటి అద్దె ఆదాయంలో 25 శాతం దాటకూడదన్నారు. 1970లో, కేంద్రం డబ్బుతో జరిగే పనుల్లో ఇల్లు పోయినవాళ్ళకి పరిహారం, పునరావాసం ఇవ్వాలని చట్టం చేశారు. 1974లో ఆ కూల్చే పథకాన్ని ఆపేశారు. అప్పటికి దేశం మొత్తం మీద మూడు లక్షలకు పైగా కుటుంబాలు కదిలిపోయాయి.

అందుకే ఫ్రెండ్స్, రేపు ఏ ఊళ్ళోనైనా, ఏ పార్టీ అయినా, రంగురంగుల బిల్డింగుల బొమ్మ చూపించి ‘పేదలకి కొత్త ఇళ్ళు’ అంటే చప్పట్లు కొట్టండి, తప్పులేదు. కొట్టాక మూడు ప్రశ్నలు అడగండి. కొత్త ఇల్లు తాళం చెవి చేతికిచ్చాక పాతది కూలుస్తారా, ముందే కూలుస్తారా? అద్దెకున్నవాళ్ళ పేరు లిస్టులో ఉందా? పదేళ్ళ తర్వాత లిఫ్ట్ ఆగిపోతే బాగుచేసే డబ్బు ఎవరిది?

జవాబు నోటిమాటగా చెప్తే ఒప్పుకోకండి. కాగితం మీద చూపించమనండి. 1949లో మంచి మాట కాగితం మీద కూడా ఉంది, దాని పక్కన డబ్బే లేదు. కాబట్టి డబ్బు లెక్క కూడా చూపించమనండి.

ఈ ఎపిసోడ్ ఇంతే. వచ్చే వారం కలుద్దాం. ఉంటాను మరి.