పాటను తీసేసిన్రు, జనం పాడిన్రు

(కళాకారుల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



మన దగ్గర ఒకరు పాట ఎత్తుకుంటరు, మిగిలినోళ్లు కోరస్ అందుకుంటరు. ఎస్తోనియాలో పద్ధతి వేరు. ఆడగొంతులు రెండు వరుసలు, మగగొంతులు రెండు వరుసలు. ఒకే పాటను ఒకేసారి నాలుగు స్వరాల్ల పాడుతరు. అందరినీ నడిపించేది ముందు నిలబడ్డ ఒక్క మనిషి చెయ్యి.

బాల్టిక్ సముద్రం ఒడ్డున చిన్న దేశం అది. జనాభా 13 లక్షల చిల్లర. 1869లో తార్తు పట్టణంల మొదటి పాటల పండుగ చేసిన్రు. అప్పుడు రాజ్యం రష్యా జార్‌ది, భూములు జర్మన్ దొరలవి. ఎస్తోనియన్ అంటే రైతుల భాషనే చిన్నచూపు. ఆ పండుగల ఎస్తోనియా వాళ్లు స్వయంగా కట్టుకున్న పాటలు రెండే. రెండింటినీ రాసింది లిడియా కోయిదులా అనే ఆడబిడ్డ. పాడిన బృందాలు మాత్రం అన్నీ మగవాళ్లవే! ఉద్యమాలల్ల ఈ ముచ్చట మనకు కొత్తదేం కాదు.

ఆమె రాసిన మాతృభూమి పాటకు 1944లో గుస్తావ్ ఎర్నెసాక్స్ కొత్త బాణీ కట్టిండు. సోవియట్ పాలనల, 1947 పండుగల దాన్ని పాడిన్రు. తర్వాత పాటను తీసేసిన్రు. 1950 పండుగకు ముందు ప్రధాన సంచాలకులు ముగ్గురిని, వెట్టిక్, ప్యాట్స్, కారిండిలను అరెస్టు చేసిన్రు. ఆయుధం పట్టినోళ్లు కాదు, చెయ్యి ఊపి పాడించినోళ్లు.

1960లో టాలిన్‌ల కొత్త వేదిక కట్టిన్రు. కార్యక్రమ పత్రంల ఆ పాట లేదు. జనం వాళ్లంతట వాళ్లే అందుకున్నరు. వేల గొంతుల్ల ముందు ఎవర్ని పట్టుకపోతరు? 1965 నాటికి పాట మళ్ల కార్యక్రమంల చేరింది.

1988 జూన్‌ల రాత్రిళ్లు జనం అదే మైదానానికి వచ్చి పాడిన్రు. సెప్టెంబర్ 11న దాదాపు 3 లక్షల మంది చేరిన్రని లెక్క. అంటే అయిదుగురిల ఒకరు. 1991 ఆగస్టు 20న స్వాతంత్య్రం ప్రకటించుకున్నరు. పాటే తెచ్చిందని నేనన. మాస్కోల కుట్ర విఫలమైన రోజులవి, కేంద్రం కూలుతున్న కాలం. కాని ఆ సమయానికి కలిసి నిలబడుడు అలవాటైన జనం అక్కడ ఉన్నరు.

ఆ అలవాటు ఎట్లొచ్చింది? సాధనతోని. గొంతు 34 మీటర్లు పోవాలంటే సెకనుల పదో వంతు పడుతది. అంత పెద్ద వేదిక మీద అవతలి చివరోళ్లను విని పాడితే తాళం తప్పుతది. అందుకే చెవిని కాదు, చేతిని నమ్మాలె. పండుగకు ముందే ఊరూరి బృందాలు అవే పాటలు నేర్చుకుంటయి, పరీక్షకు నిలబడుతయి. మనమేమో మైకు దొరికితే చాలు, రిహార్సల్ ఎందుకంటం!

ఎర్నెసాక్స్ 1993లో పోయిండు. 2004లో ఆ మైదానంల ఆయన కంచు విగ్రహం పెట్టిన్రు. నిలబడి చెయ్యెత్తినట్టు కాదు, కూర్చొని ఉన్నట్టు. 2025 జూలైల కూడ ఆయన ముందు పండుగ జరిగింది, వానల తడుసుకుంట పాడిన్రు.