బీల నేలకు తెర మీద రూపం

శ్రీకాకుళం జిల్లా సోంపేటలోని బీల అనే చిత్తడి నేల చూడ్డానికి చదునుగా ఉంటుంది. వాన నీరు ఎటు పోవాలో తేల్చేది మాత్రం కంటికి ఆనని ఎత్తుపల్లాలే. వాటిని పట్టుకోవడానికి సర్వేయర్లు టోటల్ స్టేషన్ అనే కొలత పరికరంతో పాయింట్లు తీస్తారు. ఒక్కో పాయింటుకు నంబరు, తూర్పు, ఉత్తర కొలతలు, ఎత్తు, అది గట్టా గెడ్డా (వాగా) అనే గుర్తు ఉంటాయి.

ఈ పాయింట్ల ఫైలును సివిల్ త్రీడీ వంటి సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే, అది దగ్గరి పాయింట్లను కలుపుతూ త్రిభుజాలు అల్లుతుంది. ఆ అల్లికకు ఆధారం సోవియట్ గణితవేత్త బొరిస్ డెలోనే 1934లో ప్రచురించిన సూత్రం.

చిక్కల్లా గట్ల దగ్గరే. ఇవతలి పొలం పాయింటు అవతలి పొలం పాయింటుతో కలిసిపోతే తెర మీద గట్టు తెగిపోతుంది. అందుకే గట్టు పొడవునా బ్రేక్‌లైన్ గీయాలి. త్రిభుజాల అంచులు దాన్ని దాటవు. సర్వే హద్దు బయట ఏర్పడే పొడవాటి త్రిభుజాలను తీసేయాలి. ఆ తర్వాతే కాంటూర్లు (సమాన ఎత్తు గీతలు), మట్టి లెక్కలు.

సర్వే నేర్చుకునే యువతకు ఒక్క మాట: పాయింట్లు ఎన్ని తీశామన్నది కాదు ముఖ్యం; గట్టు తల, గట్టు అడుగు, గెడ్డ లోతు వదలకుండా తీయండి. పొలంలో వదిలేసిన ఎత్తును ఏ సాఫ్ట్‌వేరూ కనిపెట్టలేదు.