మన రోడ్డును మనమే కొలుద్దాం
(స్వర్ణోత్సవ సభలో ఒక పూర్వ విద్యార్థి చేసిన ప్రసంగ పాఠం)



పట్టణ ప్రణాళిక గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. గరికపాడులో పట్టణ ప్రణాళిక ఏమిటని కొందరు నవ్వుకుంటున్నారు, నాకు తెలుసు. నా ఉద్యోగమంతా మున్సిపాలిటీల్లో రోడ్లు, కాలవలు గీయడంలోనే గడిచింది. కానీ అక్కడ అక్కరకొచ్చిన అసలు చదువు ఈ బడి ఆవరణలోనే మొదలైంది.

ఎనిమిదో తరగతిలో మా లెక్కల మాస్టారు గజానికొక ముడి వేసిన తాడు ఇచ్చి ఆటస్థలం కొలవమన్నారు. నాలుగు జట్లు కొలిస్తే నాలుగు అంకెలు వచ్చాయి. భయమేసి పక్క జట్టు అంకె చూసి దిద్దుకున్నాం. మాస్టారు కనిపెట్టి మళ్లీ కొలిపించారు. కొలిచిందే రాయమన్నారు, తేడా ఎందుకొచ్చిందో తర్వాత చూద్దామన్నారు. తాడు బిగించి పట్టకపోవడమే కారణమని సాయంత్రానికి తేలింది. ఆ పాఠం నన్ను ఉద్యోగమంతా కాపాడింది.

అప్పట్లో మన రోడ్డు తొమ్మిదో నంబరు జాతీయ రహదారి. 2010లో 65వ నంబరు అయింది. 2012 నాటికి నాలుగు వరుసలైంది. 2014 జూన్ 2న మనది సరిహద్దు ఊరైంది. 2022 ఏప్రిల్ 4న కృష్ణా జిల్లా కాస్తా ఎన్టీఆర్ జిల్లా అయింది. మనం ఉన్నచోటే ఉన్నాం, చిరునామా మారుతూ వచ్చింది. రోడ్డు దాటాలంటే ఉండే భయం మాత్రం మారలేదు.

మా బ్యాచ్‌లో ఒకడు ఈ హైవే మీదే పోయాడు. సాయంత్రం చీకటి పడే వేళ బస్సు దిగి దాటుతున్నాడు. పలకరించడానికి వెళ్తే వాళ్లమ్మ అడిగింది: "నువ్వు రోడ్ల ఇంజినీరువే కదయ్యా, అక్కడేమీ చెయ్యలేరా?" చెయ్యాలంటే ఎక్కడ, ఏ వేళ, ఎన్నిసార్లు అని పైవాళ్లు అడుగుతారు. ఆ చోట చాలామంది పోయారని అందరూ అన్నారు. కాగితం మీద మాత్రం ఎవరి దగ్గరా ఏమీ లేదు. ఆమెకు నేను జవాబు చెప్పలేకపోయాను. ఈ రోజు ఈ విషయమే ఎంచుకోవడానికి కారణం అదే.

పిల్లలూ, ఒక చిన్న లెక్క చేద్దాం. రెండు వరుసల రోడ్డు వెడల్పు 7 మీటర్లు. నాలుగు వరుసల హైవేలో ఒక పక్కే అంత. మామూలు మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడని రోడ్ల ఇంజినీర్లు లెక్క వేసుకుంటారు. అంటే ఒక పక్క దాటడానికి సుమారు 6 సెకన్లు. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. 6 సెకన్లలో 130 మీటర్ల పైనే. సెకనుకు 0.9 మీటరు నడిచే ముసలమ్మకు 8 సెకన్లు పడుతుంది, ఆ లోపు కారు 170 మీటర్లు దాటేస్తుంది. కాబట్టి దాటేచోట నిలబడితే కనీసం 170 మీటర్లు కనిపించాలి. మధ్యలో ఒక లారీ ఆగి ఉంటే పిల్లవాడు ఎంత జాగ్రత్తపరుడైనా లాభం లేదు. ప్రమాదం జరిగితే చూసుకోలేదా అని మనిషినే తిడతాం. అక్కడ చూసే వీలుందా అని రోడ్డును అడగం.

లెక్క చేతిలో ఉంటే ఏం అడగాలో తెలుస్తుంది. దాటేచోటికి దగ్గర్లో లారీలు ఆపొద్దని అడగొచ్చు. బస్సు దిగినవాళ్లు బస్సు ముందు నుంచి కాకుండా వెనక నుంచి దాటేలా, స్టాపును దాటేచోటికి అవతలకు జరపమని అడగొచ్చు. మధ్య డివైడరులో నిలబడే జాగా, చీకట్లో దీపం అడగొచ్చు.

ఈ పని కొత్తదేమీ కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద హైదరాబాదులో వేలమందిని బలిగొంది. తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. ఆ రోజుల్లోనే లియొనార్డ్ మన్ అనే అధికారి ఆధ్వర్యంలో నగరమంతా కొలిచి పటాలు గీశారు. ఇళ్లు, సందులు, బావులు అన్నీ అందులోకి ఎక్కాయి. ఎక్కడ ఏముండేదో తెలుసుకోవడానికి వందేళ్లు దాటినా ఆ పటాలే తీస్తున్నారు.

మనకూ వరద కొత్త కాదు. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర హైవే మునిగింది. 2024 సెప్టెంబరులో మన పాలేరు వంతెనే దెబ్బతిని హైదరాబాదు, విజయవాడల మధ్య రాకపోకలు ఆగాయి. ఆ రోజు నీళ్లు ఏ గోడ దగ్గర ఎంత ఎత్తుకు వచ్చాయో చూసినవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. గోడ మీద మరక చెరిగిపోకముందే పెయింటుతో ఒక గీత, పక్కన తేదీ రాసి పెడదాం. రేపు కాలవ లోతు, రోడ్డు ఎత్తు నిర్ణయించేవారికి ఆ గీతే ఆధారం. రెవెన్యూ వారి పాత గ్రామ పటం పక్కన పెట్టి చూస్తే ఏ డొంక పూడిందో, ఏ వాగు దారి మూసుకుపోయిందో కూడా తెలుస్తుంది.

ఇప్పుడు ఈ హైవేను ఆరు వరుసలు చేసే ప్రతిపాదన నడుస్తోంది. కింద దారి ఎక్కడ రావాలి, సర్వీసు రోడ్డు ఎక్కడిదాకా ఉండాలి అన్నవి కాగితం మీద గీసేటప్పుడే తేలిపోతాయి. కాంక్రీటు పోశాక ధర్నా చేసినా మార్చడం కష్టం. మన లెక్క అంతకుముందే అక్కడికి చేరాలి.

అందుకే సంఘాన్ని మూడు పనులు కోరుతున్నాను. ఒకటి, ఒక మామూలు పనిదినం, ఒక సంతరోజు చూసుకుని, ఉదయం ఆరు నుంచి రాత్రి ఎనిమిదిదాకా ఎవరు ఎక్కడ దాటుతున్నారో గంటగంటకూ రాద్దాం. పెద్దలు రోడ్డుకు దూరంగా నిలబడి రాయాలి, పిల్లలు బడిలో లెక్క కట్టాలి. రెండు, రోడ్డు పక్కన 100 మీటర్ల దూరంలో రెండు గుర్తులు పెట్టి ఫోన్లో సమయం చూద్దాం. 6 సెకన్లు పడితే బండి వేగం గంటకు 60, నాలుగున్నర పడితే 80. మూడు, పోలీసు రికార్డులో ఉన్న ప్రమాదాల చోటు, వేళ సమాచార హక్కు చట్టం కింద అడిగి ఊరి పటం మీద చుక్కలు పెడదాం. ఇవన్నీ గ్రామసభ తీర్మానంతో కలిపి జాతీయ రహదారుల సంస్థకు పంపుదాం.

ఒక్క హెచ్చరిక. మనం అందరికన్నా ప్రమాదకరమనుకున్న చోటు లెక్కలో అంత చెడ్డదిగా తేలకపోవచ్చు. అప్పుడు అంకె దిద్దకండి. మాస్టారు చెప్పినట్టు కొలిచిందే రాయండి.

ఈ పనికి వంద మీటర్ల కొలత టేపు ఒకటి తెచ్చాను. హెడ్‌మాస్టరు గారికి అప్పగిస్తున్నాను. వచ్చే ఏడాది మనం కలిసే నాటికి ఆ తల్లికి చెప్పడానికి నా దగ్గర ఒక జవాబు ఉండాలి.

సెలవు.