బిడ్డకు ముందు రెండు కణాలు
(త్రిపురారంలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డీఏ బకాయిల గురించి మాట్లాడతానని మీరనుకొని ఉంటారు. అవి కార్యదర్శిగారు చూసుకుంటారు. నేను సంతానానికి మూలమైన అండం, వీర్యకణం గురించి నాలుగు మాటలు చెప్పదలిచాను. ఈ వయసులో ఇదేమి విషయమని నవ్వకండి. మనుమరాండ్ర పెండ్లిళ్లు చేసే వాళ్లం, ఇంట్లో మన మాట ఇంకా చెల్లుతుంది.

మా పెద్దక్కకు పెండ్లయి ఎనిమిదేండ్లయినా పిల్లలు కలుగలేదు. గొడ్రాలన్నారు. బావ రెండో పెండ్లి చేసుకున్నాడు. ఆ రెండో ఆమెకూ కలుగలేదు. అప్పుడైనా బావను దవాఖానకు తీసుకపోదామని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు. బర్రె చూడి కట్టకపోతే దున్నపోతును మార్చి చూసే ఊరే అది!

మా మనుమరాలు జంతుశాస్త్రం చదువుతున్నది. ఆ పుస్తకం తిరగేస్తే నాకు మన ఆఫీసే గుర్తుకొచ్చింది. ఆడపిల్ల తల్లి కడుపులో ఉండగానే ఆమె అండకణాలన్నీ తయారవుతాయి. ఐదో నెలకు 60, 70 లక్షలు. పుట్టేనాటికి 10, 20 లక్షలు. యుక్తవయసుకు 3, 4 లక్షలే మిగులుతాయి. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి సుమారు 400. ఒక్కొక్కటి సగం నోటు రాసి ఆపిన ఫైలు. 46 క్రోమోజోములను 23కు తగ్గించే విభజన పుట్టకముందే మొదలై మధ్యలో ఆగిపోతుంది. పదిహేనేండ్లు కావచ్చు, నలభై ఏండ్లు కావచ్చు, అలా పెండింగులోనే! విడుదలయ్యే ముందు కొంత కదిలి, ఒక వాటాను చిన్న కణంగా వెలుపలికి నెట్టి మళ్లీ ఆగుతుంది. వీర్యకణం ప్రవేశించాకే ఆ పని ముగుస్తుంది. అందుకే వయసు మీరితే క్రోమోజోముల పంపకంలో పొరపాట్లు పెరుగుతాయి. 2019 సెప్టెంబరులో గుంటూరులో డెబ్బై దాటిన ఒకామెకు కవల ఆడపిల్లలు పుట్టారని పేపర్లలో చదివాం కదా. అందులో అండం దాతది, వీర్యం భర్తది. 2021 నాటి చట్టం ఆ వైద్యానికి స్త్రీలకు 50 ఏండ్ల పరిమితి పెట్టింది.

మగవారిది రోజువారీ టపా. దినానికి కోట్లలో తయారీ. అయితే ఒక్కొక్క వీర్యకణం తయారు కావడానికి సుమారు 70 రోజులు పడుతుంది. ఒంటి వేడి కన్నా రెండు మూడు డిగ్రీలు తక్కువ ఉండాలి గనుకనే వృషణాలు వెలుపల ఉన్నవి. గట్టి జ్వరం వచ్చిపోతే ఆ దెబ్బ రెండు మూడు నెలలు కనబడవచ్చు. తయారైన కణానికి వెంటనే ఈత రాదు. వృషణం వెనుక మెలికల గొట్టంలో కొన్ని రోజులు పండాలి. తలలో క్రోమోజోములు, తల ముందు అండం పొరను ఛేదించే రసాల తిత్తి, వెనుక తోక. ఇంత ఉన్నా, స్త్రీ శరీరంలో కొన్ని గంటలు గడిపితే గాని దానికి అర్హత రాదు. ఈ సంగతి 1951లో చాంగ్, ఆస్టిన్ అనే ఇద్దరు వేర్వేరుగా కనుగొన్నారు.

ఇన్ని మెట్లలో ఎక్కడైనా లోపం రావచ్చు. వీర్యపరీక్షకు సూది కూడా గుచ్చరు. మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలను కనీస ప్రమాణంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించింది. అయినా మనవాళ్లు ముందు కోడలినే పంపుతారు. ఆడపిల్ల పుట్టినా ఆమెనే అంటారు. అండంలో ఉండేది ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే. ఎక్స్ గాని, వై గాని తెచ్చేది మగవాడి కణం.

అక్క చివరి వరకు మా ఇంట్లోనే ఉన్నది. శ్రీమంతాలకు పిలిచినా పోయేది కాదు. ఆమె పోయి పన్నెండేండ్లయింది. ఈ పుస్తకం నా చేతికొచ్చింది నిరుడు.