మాస్టారి చేతిలో పగ్గాలు



ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం జరుగుతున్నదో, ఆయన్ని పేరుపెట్టి పిలిచినవాళ్లు మన ఊళ్లో తక్కువ. అందరికీ ఆయన 'మాస్టారు'. సాంఘికశాస్త్రం చెప్పేవారు. అందుకే ఇవాళ మరో మాస్టారి సంగతి ఎత్తుకుంటున్నాను. టాంజానియా జనం జూలియస్ న్యెరెరేని 'మ్వాలిము' అని పిలిచేవారు. స్వాహిలిలో ఆ మాటకు అర్థం మాస్టారనే. ఆయన ఒకప్పుడు నిజంగానే బడిపంతులు. 1962 డిసెంబరు నుంచి 1985 నవంబరు దాకా దేశాధ్యక్షుడు.

ఆయన నియంతా, కాదా?

ఈ ప్రశ్న నాకు కష్టం, ఆయనంటే నాకు గౌరవం కనుక. నూటికి పైగా తెగలున్న దేశాన్ని స్వాహిలి భాషతో ఒక్కతాటి మీద నిలిపారు. నాయకులు రెండు జీతాలు తీసుకోకూడదు, ఇళ్లు అద్దెకిచ్చి సంపాదించకూడదు అని తన పార్టీ విధానపత్రమైన 1967 అరూషా ప్రకటనలో రాయించారు, తానూ నిరాడంబరంగా బతికారు. ఉగాండాను పీడించిన ఈదీ అమీన్ గద్దె దిగింది 1979లో ఈయన సైన్యం వెళ్లాకే. మన దేశం గాంధీ శాంతి బహుమతిని నెలకొల్పి 1995లో మొట్టమొదట ఇచ్చింది ఆయనకే.

ఇప్పుడు రెండో పుట తిప్పుదాం. 1962లో ముందస్తు నిర్బంధ చట్టం వచ్చింది. అధ్యక్షుడు సంతకం పెడితే మనిషి జైల్లో పడతాడు. ఆ ఉత్తర్వును ఏ కోర్టులోనూ ప్రశ్నించే వీల్లేదు. 1965లో ఏకపార్టీ రాజ్యాంగం వచ్చింది. పార్లమెంటు ఎన్నికల్లో మాత్రం ఒక మంచి ఏర్పాటు ఉండేది. ఒకే పార్టీ నుంచి ఇద్దరు పోటీ, ఒకరికి పార గుర్తు, ఇంకొకరికి ఇల్లు. మంత్రులు సైతం ఓడిపోయారు. అధ్యక్ష పదవికి మాత్రం ఒక్కటే పేరు. అవునా, కాదా, అంతే. ప్రతిసారీ 90 శాతానికి పైగా అవుననే వచ్చింది.

1973లో పల్లెజనమంతా కొత్త ఊళ్లకు చేరి తీరాలని ఆజ్ఞ అయింది. మూడేళ్లలో లక్షలమంది తరలారు. ఇష్టపడనివాళ్లను లారీలెక్కించారు, తిరిగి రాకుండా కొన్నిచోట్ల పాత గుడిసెలు తగలబెట్టారు. తాతలనాటి చెట్టును, బావిని వదలనన్న రైతు ఎవరి దగ్గరికి వెళ్లాలి? ఇంకో పార్టీ లేదు. పేరున్న పత్రికను 1970లోనే ప్రభుత్వం తీసేసుకుంది. ఆ రైతును తలుచుకున్నప్పుడల్లా నా గౌరవం తడబడుతుంది.

ఆ జూలియస్సే షేక్‌స్పియర్ 'జూలియస్ సీజర్'ను స్వాహిలిలోకి అనువదించారు. 1963లో అచ్చయింది, నిర్బంధ చట్టం వచ్చిన మరుసటి ఏడు. సీజర్ చేతిలో అధికారం ఎలా పేరుకుందో ఆయనకు మాటమాటా తెలుసు.

సంస్కృతంలో 'నియంత'కు సారథి అనే అర్థం కూడా ఉంది. పగ్గాలు పట్టినవాడు ఎంత నేర్పరి, ఎంత ధర్మపరుడు అన్నది ఒక ప్రశ్న. బండిలో కూర్చున్నవాళ్లు ఆపమంటే ఆగుతుందా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి న్యెరెరే నూటికి తొంభై మార్కులు తెచ్చుకుంటారు. రెండోదానికి సున్నా. నియంత అవునా కాదా తేల్చేది రెండోదే.

తనంతట తానే దిగిపోయారు కదా అంటారు. అవును, 1985లో దిగారు, అది గొప్పే. పక్క జాంబియాలో కెన్నెత్ కౌండా 1964 నుంచి 27 ఏళ్లు ఏలారు. ఆయనదీ ఏకపార్టీ పాలనే, ఆయనా ప్రత్యర్థులను నిర్బంధించారు. కానీ 1991 అక్టోబరులో బహుళపార్టీ ఎన్నిక పెట్టి, చిత్తుగా ఓడి, కుర్చీ అప్పగించారు. న్యెరెరే తన ఇష్టంతో వెళ్లారు, కౌండా జనం ఇష్టంతో వెళ్లారు. రెండోదే పెద్దదని నేను నమ్ముతాను. మొదటిది పాలకుడి మంచితనం, రేపు ఇంకొకరికి ఉండకపోవచ్చు.

కనుక నా తీర్పు ఇది: న్యెరెరే మంచి మనిషి, పాలించినంతకాలం నియంత. ఈ రెండు మాటల్లో ఏదీ వెనక్కి తీసుకోను. బహుళపార్టీ వ్యవస్థ రావాలని చివరికి ఆయనే వాదించారు. ఆ మార్పు కోసం ప్రధాన న్యాయమూర్తి ఫ్రాన్సిస్ న్యాలాలి అధ్యక్షతన 1991లో వేసిన కమిషన్, మార్చాల్సిన, రద్దు చేయాల్సిన 40 చట్టాలను పేర్కొంది. 1962 నాటి నిర్బంధ చట్టం అందులో ఒకటి.