ఖాళీ గదిలో తిరిగే ఫ్యాను
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంట్లో కరెంటు దుబారా గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు మమ్మల్ని కోరారు. ఇదేమంత పెద్ద విషయమని కొందరికి అనిపించవచ్చు. కాని నెల తిరిగేసరికి బిల్లు చేతికొచ్చినప్పుడు, ఇల్లు గడుపుకొచ్చే తల్లికి ఇది చిన్న విషయం కాదు.

"బిల్లు మేం కట్టుకుంటున్నాం, మధ్యన మీకేం?" అనేవారు మనలోనూ ఉన్నారు. పారే నది ఒడ్డున వజూ చేస్తున్నా సరే, నీటిని అవసరానికి మించి వాడరాదని మన ప్రవక్త (స) బోధించారు. నదికి బిల్లు లేదు. అయినా ఇస్రాఫ్ ఇస్రాఫే. రాత్రి పడుకునే ముందు దీపాలు ఆర్పమని చెప్పినదీ వారే. రామగుండంలోనూ, కొత్తగూడెంలోనూ బొగ్గు మండితే మనకు కరెంటు వస్తున్నది. సింగరేణి కార్మికులు చెమటోడ్చి తీసిన బొగ్గు అది. మనం డబ్బు కట్టగలం గాని, కాలిపోయిన బొగ్గును తిరిగి తేలేము.

ఇక లెక్క చూద్దాం. 1,000 వాట్ల వస్తువు గంటసేపు నడిస్తే 1 యూనిట్. పాత రకం సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు. ఎవరూ లేని గదిలో రోజూ 6 గంటలు తిరిగితే నెలకు 13 యూనిట్లు దాటుతుంది. 2,000 వాట్ల గీజరు అరగంటకే 1 యూనిట్ తింటుంది. ట్యాంకు నిండి పొర్లుతున్నా మోటారు ఆపకపోతే నీళ్లూ పోయె, కరెంటూ పోయె.

తెలంగాణలో 2024లో మొదలైన గృహజ్యోతి పథకంలో అర్హులైన కుటుంబాలకు 200 యూనిట్ల వరకు సాయం ఉంది. 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టుకోవలసిందే. 205 యూనిట్లు కాల్చిన ఇంట్లో ఆ ఖాళీ గది ఫ్యాను ఎంత పని చేసిందో ఆలోచించండి!

ముసలివారిని ఎండాకాలంలో ఉక్కపోతలో కూర్చోబెట్టమని గాని, చదువుకునే పిల్లల దీపం ఆర్పమని గాని మేము అనడం లేదు. పొదుపు వేరు, పిసినారితనం వేరు. రంజాన్‌లో సహరీకి లేచినప్పుడు వంటింట్లో దీపం కావాలి, ఇల్లంతా అక్కరలేదు. మేమూ మొన్నమొన్నటి దాకా టీవీని రిమోటుతో ఆపి, ఆగిందనుకునేవాళ్లం. గోడ మీది స్విచ్చి ఆపితేనే పూర్తిగా ఆగినట్టు. పాత బల్బు మాడిపోతే దాని స్థానంలో ఎల్.ఇ.డి. పెట్టండి. 60 వాట్ల బల్బు వెలుతురు సుమారు 9 వాట్లకే వస్తుంది.

గదిలోంచి చివర వచ్చేవారే స్విచ్చి ఆపాలన్న నియమం ఇవాళే ఇంట్లో పెట్టండి. ఆ పెత్తనం పిల్లలకు అప్పగించి చూడండి, పెద్దల్ని కూడా వదలరు! అలా మిగిలిన పైకంతో వాళ్ల నోటు పుస్తకాలే కొనిపెట్టండి.

అల్లాహ్ మనందరికీ ఈ మంచి అలవాటును ప్రసాదించుగాక. ఆమీన్. ఖుదా హాఫిజ్.